కథల పుస్తకం ఎంచుకోవడం, దానితో పాఠం చెప్పడం: ప్రకాశం జిల్లాలో ఒక బడి కోసం వనరులు వెతికిన వైనం

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో లైబ్రేరియన్‌గా పనిచేసే నాలాంటివారిని బడి టీచర్లు తరచుగా అడిగేది ఒక్కటే: “సార్, పిల్లలకు మంచి కథల పుస్తకాలుంటే చూడండి.” చేతికందిన నాలుగు బొమ్మల పుస్తకాలు తీసి ఇవ్వడం పెద్ద పనేమీ కాదు. అయితే ఆ పుస్తకాలు బడికి చేరాక బీరువాలోనే ఉండిపోయాయా, పిల్లల చేతికి వెళ్లాయా, వెళ్తే వాటితో టీచరు ఏం చేయగలిగారు అని ఆరా తీస్తే, వాళ్లు అడిగినదానికీ మనం ఇచ్చినదానికీ పొంతన తక్కువని అర్థమవుతుంది. ఒక టీచరు విషయంలో ఏమేం వెతికామో, ఏది ఎక్కడ దొరికిందో, దొరికినవాటిలో తరగతి గదికి పనికొచ్చినదేదో ఇక్కడ నమోదు చేస్తున్నాను. టీచరు పేరు, బడి పేరు ఉద్దేశపూర్వకంగానే రాయడం లేదు.

బడి, టీచరు, బీరువా

ఒంగోలుకు దక్షిణాన, టంగుటూరు, కొండపి పరిసరాల్లో పొగాకు పండించే ఒక ఊరి మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల అది. ఐదు తరగతులకు ఇద్దరు టీచర్లు. మూడు, నాలుగు, ఐదు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టి చెప్పే సెకండరీ గ్రేడ్ టీచరు నా దగ్గరికి వచ్చిన మేడమ్. పిల్లల తల్లిదండ్రుల్లో కౌలు రైతులు, బ్యారన్ల (పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే గదుల) దగ్గర ఆకు పనికి వెళ్లే కూలీలు ఎక్కువ. ఇళ్లలో అచ్చయిన కాగితం అంటే పాఠ్యపుస్తకం, క్యాలెండరు, ఎప్పుడైనా ఒక దినపత్రిక.

బడిలో పుస్తకాలు లేవని అనడానికి వీల్లేదు. బడి విద్యకు కేంద్రం, రాష్ట్రాలు కలిసి నడిపే సమగ్ర శిక్ష పథకం కింద బడి గ్రంథాలయాలకు స్థాయిని బట్టి ఏటా 5,000 నుంచి 20,000 రూపాయల దాకా కేటాయించే ఏర్పాటు ఉంది, మన రాష్ట్రంలో 2020లో ‘చదవడం మాకిష్టం’ కార్యక్రమం మొదలయ్యాక పుస్తకాల మాట బడుల్లో మరింతగా వినిపించింది. ఈ బడి బీరువాలోనూ వేర్వేరు కాలాల్లో వచ్చిన పుస్తకాలున్నాయి. వాటిని ఎవరూ ఎంచుకుని తెప్పించలేదు, పైనుంచి పంపితే వచ్చాయి. ఎనిమిదో తరగతికి సరిపోయే జీవితచరిత్రలూ, రెండో తరగతికి సరిపోయే బొమ్మల కథలూ ఒకే అరలో ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి. పైగా అన్నీ స్టాక్ రిజిస్టరులో ఎక్కినవే. పుస్తకం చిరిగితే, పోతే ఎవరు జవాబు చెప్పాలన్న భయం ఆ బీరువా తాళం కంటే గట్టిది. టీచర్లు పుస్తకాలు బయటికి తీయరని విమర్శించేవాళ్లు ముందు ఈ రిజిస్టరు సంగతి చూడాలి.

అడిగిన ప్రశ్న, అసలు అవసరం

మేడమ్ మొదట అడిగినది ఇది: “నాలుగో తరగతోళ్లకు నీతి కథల పుస్తకాలు కావాలి సార్. వాటిని ఎట్టా చెప్పాలో ఉండే పుస్తకం కూడా ఒకటి ఉంటే బాగుంటుంది.” ఈ మాట పట్టుకుని కేటలాగులో వెతికితే కొన్ని పుస్తకాలు దొరికేవి, ఆమె సంతకం పెట్టి తీసుకువెళ్లేవారు. రిఫరెన్స్ పనిలో మేము నేర్చుకునే మొదటి పాఠం, పాఠకులు తమకు కావలసినదాన్ని కాక, గ్రంథాలయంలో దొరుకుతుందని తాము ఊహించినదాన్ని అడుగుతారన్నది. అందుకే కూర్చోబెట్టి కొన్ని వివరాలు అడిగాను. ఆ గదిలో ఎవరి సాయమూ లేకుండా ఒక పేజీ చదవగలిగేవాళ్లు ఎంతమంది, అక్షరాలు కూడబలుక్కునేవాళ్లు ఎంతమంది, లైబ్రరీ పీరియడ్ ఎంతసేపు, ఒక పుస్తకం ఒక్క ప్రతే ఉంటే టీచరు చదివి వినిపిస్తారా లేక పిల్లలు జట్లుగా కూర్చుని చదువుకోవాలా, ఇప్పటిదాకా ఏ కథలు చెప్పారు, చెప్పాక ఏం చేయించారు.

చివరి ప్రశ్న దగ్గర అసలు విషయం బయటపడింది. కథ అయిపోగానే నీతి అడుగుతారు, పిల్లలు నీతి చెబుతారు, నోటుబుక్కులో రాసుకుంటారు, అక్కడితో సరి. ఆమెకు కావలసింది మరిన్ని కథలు కాదు, కథ చెప్పాక మిగిలిన ఇరవై నిమిషాలు ఏం చేయాలన్నది. ఆ సంగతి అర్థమయ్యాక వెతుకులాట మూడు దారులుగా చీలింది. ఒకటి, పిల్లల కోసం రాసిన పుస్తకాలు. రెండు, ఆ పుస్తకాల మంచిచెడ్డలు తేల్చడానికి తోడ్పడే రచనలు, జాబితాలు. మూడు, వాటితో తరగతిలో ఎలా పనిచేయాలో చెప్పే రచనలు. గ్రంథాలయంలో ఈ మూడూ ఒకచోట ఉండవు. టీచరుకు మాత్రం మూడూ ఒకేసారి కావాలి. మన పనిలో కష్టమంతా ఇక్కడే ఉంది.

అల్మారాల మధ్య

మా గ్రంథాలయం విషయాన్ని బట్టి పుస్తకాలకు సంఖ్యలిచ్చే డ్యూయీ దశాంశ వర్గీకరణ పాటిస్తుంది. 1876లో మొదటిసారి అచ్చయిన ఈ పద్ధతిలో తెలుగు సాహిత్యానికి 894.827 సంఖ్య కేటాయించారు. మా దగ్గర పిల్లల కథలు, గేయాలు, నాటికలు ఎక్కువగా ఈ సంఖ్య కిందే పెద్దల నవలల పక్కన సర్దుకుని ఉంటాయి. పంచతంత్రం, పరమానందయ్య శిష్యులు, తెనాలి రామకృష్ణుడి కథల వంటివి జానపద సాహిత్యంగా 398.2కు వెళ్తాయి. పిల్లల పఠనం గురించిన రచనలు 028.5లో, బాలసాహిత్య చరిత్ర, విమర్శ 809.89282లో, ప్రాథమిక తరగతుల్లో సాహిత్యం బోధించడం 372.64లో, కథ చెప్పే విద్య 372.677లో ఉంటాయి. సంఖ్యలన్నీ సక్రమమే, వర్గీకరణ చేసినవారి తప్పేమీ లేదు. కానీ ఒక్క టీచరు ఒక్క శుక్రవారం పాఠం కోసం గది ఈ మూల నుంచి ఆ మూలకు తిరగాల్సి వస్తుంది. శిక్షణలో ఉన్న ఛాత్రోపాధ్యాయులు 372 దగ్గర ఆగిపోతారు, కథల కోసం వచ్చినవాళ్లు 894 దాటి పోరు.

కేటలాగులో విషయ శీర్షికల తీరు కూడా చెప్పుకోవాలి. మా దగ్గర ‘బాలసాహిత్యం’ అనే ఒక్క శీర్షిక కింద నాలుగేళ్ల పిల్లల బొమ్మల పుస్తకం, పద్నాలుగేళ్లవాళ్ల నవల, బాలసాహిత్యంపై పరిశోధన గ్రంథం మూడూ వచ్చి పడతాయి. వయసు, తరగతి, పేజీలు, బొమ్మలున్నాయా లేవా అన్న వివరాలేవీ ఆ శీర్షిక చెప్పదు. పెద్ద గ్రంథాలయాల పద్ధతిలో తెలుగు బాలసాహిత్యాన్నీ, దాని చరిత్ర విమర్శనూ వేర్వేరు శీర్షికలుగా చూపుతారు. ఆ తేడా తెలిసినవాళ్లకు సగం పని తగ్గుతుంది.

పరిశోధన గ్రంథాల కోసం, విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలను ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలో చూశాం. తెలుగు బాలసాహిత్యం మీద విశ్వవిద్యాలయాల్లో పరిశోధనలు జరిగాయి, అందులో కొన్ని పూర్తి పాఠంతో దొరుకుతాయి. అయితే అక్కడ వెతకడంలో ఒక మెలకువ అవసరం. తెలుగు లిపిలో కొడితే కొన్ని రావు, రోమన్ లిపిలో కొడితే దీర్ఘం చూపిన రూపానికి ఒకటి, చూపని రూపానికి ఇంకొకటి, రెండు మాటలు కలిపి రాస్తే ఒకటి, విడదీస్తే మరొకటి వస్తాయి. నాలుగు రూపాలూ కొట్టి చూడకుండా ‘ఏమీ లేదు’ అని తేల్చకూడదు. వచ్చినవాటిని చదివితే, చాలామట్టుకు కవుల, రచయితల చరిత్ర, పత్రికల పరిచయం, గేయాల వర్గీకరణ కనిపిస్తాయి. ఎవరు ఏం రాశారో, ఏ కాలంలో ఏ ధోరణి నడిచిందో తెలియడానికి ఇవి మంచి ఆధారం. 1945లో న్యాయపతి రాఘవరావు దంపతులు మొదలుపెట్టిన ‘బాల’, 1947 జూలైలో మొదలైన ‘చందమామ’ వంటి పత్రికల చుట్టూ తెలుగు పిల్లల చదువు ఎలా అల్లుకుందో తెలుసుకోవాలంటే ఈ దారే పట్టాలి. నాలుగో తరగతికి వచ్చే వారం ఏ పుస్తకం తీసుకెళ్లాలన్న ప్రశ్నకు మాత్రం వీటిలో జవాబు ఉండదు. అందుకే మేడమ్‌కు వీటి పేర్లు చెప్పి వదిలేశాను, మా ఛాత్రోపాధ్యాయులకైతే తప్పకుండా చూపిస్తాను.

పాత పత్రికల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. చీరాల దగ్గర వేటపాలెంలో 1918 నుంచి నడుస్తున్న సారస్వత నికేతనం, ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి వెళ్లినా, ఈ ప్రాంతపు చదువరులకు ఇంకా సొంతదే. పాత పత్రికల మీద పనిచేసేవాళ్లు అక్కడికి వెళ్లి తీరాలి. ఈ కేసులో ఆ అవసరం రాలేదు.

ఒంగోలులోని జిల్లా కేంద్ర గ్రంథాలయంలో, మండలాల శాఖా గ్రంథాలయాల్లో పిల్లల పుస్తకాలు దొరుకుతాయన్న సంగతి చాలామంది టీచర్లకు తెలిసీ తెలియనట్టుంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా పోతోంది. అంటే ఆ ఊళ్లో పన్ను కట్టే ప్రతి ఇల్లూ ఆ పుస్తకాలకు డబ్బు ఇచ్చినట్టే. ఈ మాట చెప్పినప్పుడు మేడమ్ కొంచెం ఆశ్చర్యపోయి, “అయితే అడిగి తెచ్చుకోవచ్చన్నమాట,” అన్నారు. ధరావతు కట్టి సభ్యత్వం తీసుకున్నారు. ఆ సభ్యత్వంతో తెచ్చుకున్న పుస్తకాలు బడి స్టాక్ రిజిస్టరులో ఎక్కనవసరం లేదు కాబట్టి పిల్లల చేతికి ఇవ్వడానికి ఆమెకు చేయి వచ్చింది.

ఫోనులో దొరికేవి, అచ్చులో దొరికేవి

నేషనల్ బుక్ ట్రస్ట్ 1957లో ఏర్పడింది. దాని నెహ్రూ బాల పుస్తకాలయం వరుసలో వచ్చిన పుస్తకాలు చాలా భారతీయ భాషల్లోకి అనువాదమయ్యాయి, ధర తక్కువ, ఏ వయసువారికో చాలావాటి మీద సూచన ఉంటుంది. హైదరాబాదులోని ‘మంచి పుస్తకం’ ప్రచురణల జాబితా కూడా టీచర్లు దగ్గర పెట్టుకోదగినది. చెన్నైలోని తూలిక రెండు భాషల పుస్తకాలు తెస్తుంది, తెలుగు–ఇంగ్లీషు పక్కపక్కన ఉన్నవాటికి టీచర్లలో గిరాకీ ఎక్కువ. ఆ గిరాకీ ఇంగ్లీషు కోసమే తప్ప కథ కోసం కాదని నా అనుమానం.

పిల్లల పుస్తకాలను ఆన్‌లైన్‌లో ఉచితంగా అందించే ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ 2015 సెప్టెంబరులో మొదలైంది. అక్కడి పుస్తకాలను ఎవరైనా దించుకోవచ్చు, ముద్రించుకోవచ్చు, అనువదించుకోవచ్చు. రచయిత, చిత్రకారుల పేర్లు చూపిస్తే చాలు, ఆ స్వేచ్ఛ క్రియేటివ్ కామన్స్ లైసెన్సులోనే ఉంది. పాత పత్రికల స్కాన్లు ఇంటర్నెట్‌లో ఎన్నో తిరుగుతుంటాయి కానీ వాటి హక్కులు ఎవరివో తేలకుండా ముద్రించి పంచడానికి వీల్లేదు. ఈ తేడా మేడమ్‌కు ముందే చెప్పాను. బడికి స్మార్ట్ టీవీ ఉంది కాబట్టి కొన్ని కథలు అందులో చూపించారు, కొన్ని నలుపు తెలుపులో ముద్రించి కుట్టించారు. కుట్టిన ప్రతులే పిల్లలకు ఎక్కువ నచ్చాయి, ఇంటికి తీసుకువెళ్లనిచ్చారు కాబట్టి.

స్టోరీవీవర్‌లో పుస్తకాలకు నాలుగు స్థాయులుంటాయి. మొదటి స్థాయిలో 250 మాటల లోపు, రెండో స్థాయిలో 600 దాకా, మూడో స్థాయిలో 1,500 దాకా, నాలుగో స్థాయిలో అంతకు మించి. టీచర్లు ఈ అంకెను నమ్మి పుస్తకం తీసుకుంటారు. ఇక్కడ కాస్త ఆగి చూడాలి. మాటలు లెక్కపెట్టి స్థాయి తేల్చడం ఇంగ్లీషుకు కొంతవరకు సరిపోతుంది. తెలుగులో క్రియకు ప్రత్యయాలు ఒకదాని వెనుక ఒకటి అతుక్కుంటాయి. ‘తెచ్చుకుందామనుకున్నాడు’ అన్నది లెక్కకు ఒక్క మాట. ‘వెళ్లలేకపోతున్నందువల్ల’ కూడా అంతే. ఇవి ఉన్న రెండో స్థాయి పుస్తకం, లెక్క ప్రకారం చిన్నదే అయినా, కూడబలుక్కుని చదివే పిల్లకు నాలుగో స్థాయి కంటే బరువు. అనువాదం చేసినవారు అనుభవజ్ఞులైతే ఇలాంటి మాటలు విడగొట్టి చిన్న వాక్యాలుగా రాస్తారు. కొందరు రాయరు.

అందుచేత మేము స్థాయి అంకెను పక్కన పెట్టి పుస్తకాన్నే చూసే పద్ధతి ఒకటి పెట్టుకున్నాం. పేజీలో మూడు హల్లులు కలిసిన అక్షరాలు ఎన్ని ఉన్నాయి (‘మత్స్య’, ‘రాష్ట్రం’ వంటివి), పంక్తి చివర మాట విరిగి కింది పంక్తిలోకి పోతోందా, ఒత్తులు పైపంక్తి గుడులకు తగిలేంత ఇరుకుగా అచ్చు వేశారా, బొమ్మ చూస్తే వాక్యం ఊహకు అందుతుందా, ఒక మాట పుస్తకంలో రెండు మూడుసార్లు తిరిగి వస్తుందా. ఆ తర్వాత పుస్తకంలో ఏవైనా రెండు పేజీలు తీసి, తరగతిలో బాగా చదివే పిల్లతో, మధ్యరకంగా చదివే పిల్లవాడితో, తడబడే పిల్లతో విడివిడిగా చదివించి ఎక్కడ ఆగుతున్నారో మేడమ్ పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నారు. మధ్యరకం పిల్లవాడు పేజీకి నాలుగైదు చోట్ల ఆగితే ఆ పుస్తకం ‘టీచరు చదివి వినిపించేది’ అని రాసుకున్నాం. అంతే తప్ప దాన్ని పక్కన పడేయలేదు. పిల్లలు సొంతంగా చదవగలిగే భాష కంటే విని ఆనందించగలిగే భాష ఎప్పుడూ ఒక మెట్టు పైనే ఉంటుంది.

స్థాయులు తయారుచేసే పద్ధతి ఎలా ఉంటుందో చూడడానికి ఎన్‌సీఈఆర్‌టీ ‘బర్ఖా’ వరుసను కూడా తెప్పించాం. హిందీలో ఉన్న ఈ 40 చిన్న పుస్తకాలు నాలుగు స్థాయుల్లో, ఐదు ఇతివృత్తాల మీద నడుస్తాయి. అవే పాత్రలు మళ్లీ మళ్లీ వస్తాయి. పిల్లలకివ్వడానికి కాకపోయినా, తెలిసిన మనుషులు తిరిగి కనిపిస్తే కొత్త వాక్యం చదవడానికి పిల్లలకు ధైర్యం వస్తుందన్న సంగతి మేడమ్‌కు అందులోనే తట్టింది.

ఎంపిక

బల్లమీద పరిచిన పుస్తకాల్లో ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి అన్నప్పుడు బహుమతుల జాబితాలు మొదటి ఆధారం అవుతాయని నేననుకోను. సాహిత్య అకాడమీ 2010 నుంచి బాలసాహిత్య పురస్కారం ఇస్తోంది, తెలుగుకూ ఇస్తోంది. రచయితల పేర్లు తెలుసుకోవడానికి అది మేలైన దారి. కానీ కొన్నిసార్లు ఆ పురస్కారం ఒక పుస్తకానికి కాక రచయిత మొత్తం కృషికి ఇచ్చినది. టాటా ట్రస్టుల ‘పరాగ్’ 2020 నుంచి ఏటా ఎంపిక చేస్తున్న జాబితా ఇంగ్లీషు, హిందీ పుస్తకాలకు పరిమితం. దాని నుంచి మేము పుస్తకాలు తీసుకోలేదు, పుస్తకాన్ని ఏ కోణాల్లో పరిశీలిస్తారో గమనించాం.

అమెరికాకు చెందిన ఆచార్యురాలు రుడీన్ సిమ్స్ బిషప్ 1990లో ఒక మాట చెప్పారు, పిల్లల పుస్తకం చదివే పిల్లకు తన బతుకు చూపే అద్దంలానూ, ఇతరుల బతుకు చూపే కిటికీలానూ ఉండాలని. ఈ కొలతతో చూస్తే మా బల్లమీద కిటికీలు బోలెడు, అద్దాలు తక్కువ. రాజులు, అడవి జంతువులు, పట్నం అపార్ట్‌మెంట్లు కనిపించాయి. కౌలు పొలం, బస్సు దిగి నడిచే దారి, పనికి పోయిన అమ్మ కోసం ఎదురుచూసే సాయంత్రం కోసం కష్టపడి వెతకాల్సి వచ్చింది. వంట చేసేది అమ్మాయిలే, తెలివైనవాడు అబ్బాయే, నల్లగా ఉన్నవాడే దొంగ అని బొమ్మలు చెప్పే పుస్తకాలు కొన్ని, కథ బాగున్నా, పక్కకు పెట్టాం.

నీతి కథల విషయంలో మేడమ్‌తో నేను వాదించలేదు. హెడ్మాస్టరు అడుగుతారు, తల్లిదండ్రులు అడుగుతారు. 1853లో చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ వచ్చిన నాటి నుంచీ మన బడి చదువులో కథకూ నీతికీ ఉన్న ముడి ఒక్క పీరియడ్‌లో విడిపోయేది కాదు. నీతి మీద తగవు పెట్టుకోగల కథలు ఎంచుకుంటే చాలని మాత్రం అన్నాను. కోతి, మొసలి కథే తీసుకోండి. స్నేహితుణ్ణి మోసం చేయకూడదన్నది ఒక నీతి. అబద్ధం చెప్పి తప్పించుకున్న కోతిది తెలివా, తప్పా అని అడిగితే తరగతి రెండుగా చీలుతుంది. అదే కథ, అదే పుస్తకం.

తరగతి గదిలో

బోధన గురించి మా 372.64 అరలో ఉన్నవి ఎక్కువగా ఇంగ్లీషు పుస్తకాలు. అవి చూపే ఉదాహరణ పుస్తకాలు ఇక్కడ దొరకవు, తరగతిలో ఒక్కో పుస్తకానికి పాతిక ప్రతులుంటాయన్న ఊహతో రాసినవి. మేడమ్‌కు నిజంగా ఉపయోగపడినవి రెండు. మొదటిది, గుజరాత్ విద్యావేత్త గిజుభాయి బధేకా ‘దివాస్వప్న’ తెలుగు అనువాదం. అందులో ఉపాధ్యాయుడు ప్రయోగం చేసేది నాలుగో తరగతితోనే. పిల్లల గోల అదుపులోకి రాక మొదట ఇబ్బందిపడి, ఆపైన కథతోనే మొదలుపెడతాడు. పై అధికారుల అనుమానాలు, తోటి ఉపాధ్యాయుల వెటకారం అన్నీ ఉంటాయి. సిద్ధాంతం తక్కువ, పని ఎక్కువ. రెండోది, పుస్తకం చదివాక పిల్లలతో మాట్లాడే తీరు మీద ఇంగ్లండు రచయిత, ఉపాధ్యాయుడు ఎయిడెన్ ఛాంబర్స్ సూచించిన నాలుగు ప్రశ్నలు. నచ్చినదేమిటి, నచ్చనిదేమిటి, అంతుపట్టనిదేమిటి, ఇందులో మళ్లీ మళ్లీ వచ్చేవీ ఒకదానికొకటి కలిసేవీ ఏమిటి. ఆ పుస్తకం మొత్తం చదవనవసరం లేకుండా ఈ నాలుగింటినీ ఒక కాగితం మీద రాసి ఇచ్చాను.

ఒక శనివారం ఆమె తరగతిలో వెనక కూర్చుని చూశాను. రాత్రంతా మేలుకుని కాపలా కాసే ఒక ముసలాయన గురించిన బొమ్మల కథ. పిల్లలు నేలమీద కూర్చున్నారు, మేడమ్ పుస్తకాన్ని భుజం పక్కన ఎత్తి పట్టుకుని బొమ్మ అందరికీ కనిపించేలా తిప్పుతూ చదివారు. కథ అయింది. అలవాటుకొద్దీ, “ఈ కథలో నీతి ఏంది?” అన్నారు. తరగతంతా ఒక్క గొంతుతో, “అబద్ధం చెప్పరాదు!” అంది. ఆ కథలో అబద్ధం చెప్పినవాళ్లు ఎవరూ లేరు. మేడమ్ నావైపు చూసి నవ్వేశారు. కాగితం తీసి మూడో ప్రశ్న అడిగారు, “మీకు అర్థంకానిదేమన్నా ఉందా ఇందులో?” కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ మౌనాన్ని ఆమె తొందరపడి పూడ్చలేదు, అది గమనించదగినది. చివరికి ఒక పిల్ల లేచి, “ఆయనకు నిద్ర ఎందుకు రాదు మేడమ్?” అంది. పక్కనుంచి ఒకడు అందుకున్నాడు: “మా నాయన కూడా బ్యారన్ కాడ నిద్రపోడు. మంట తగ్గితే ఆకు చెడిపోద్దంట.” ఆపైన పావుగంట పాటు ఎవరింట్లో ఎవరు రాత్రుళ్లు మేలుకుంటారన్నదే చర్చ. ఆకు క్యూరింగ్ రోజుల్లో బ్యారన్ వేడి రాత్రింబగళ్లు కనిపెట్టుకుని ఉండాలన్నది ఆ ఊరి పెద్దలందరికీ తెలుసు. అది కథల పుస్తకంలో మాట్లాడుకునే సంగతేనని ఆ పిల్లలకు అప్పటిదాకా తెలియదు.

పిల్లలు మాట్లాడిందంతా ఆ ప్రాంతపు మాటే. ‘ఎట్టా’, ‘యాడ’, ‘పొయ్యాడంట’ అంటుంటే మధ్యలో సరిదిద్దాలని మేడమ్‌కు చేయి దురద పెట్టింది. చెప్పేటప్పుడు దిద్దవద్దని, రాసేటప్పుడు పుస్తకంలో ఎలా ఉందో చూసుకోమనవచ్చని అనుకున్నాం. తర్వాతి వారాల్లో పిల్లలు తమ ఇంటి రాత్రుల గురించి రెండు మూడు వాక్యాలు రాసి బొమ్మలు వేశారు. వాటిని కుట్టి బీరువాలో పెట్టారు. స్టాక్ రిజిస్టరులో ఎక్కని మొదటి పుస్తకం ఆ బీరువాలో అదే.

తయారైన జాబితా

మన దేశ గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన ఐదు గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోది పాఠకుల సమయం వృథా కాకూడదన్నది. ఈ టీచరు కోసం గదిలోని మూలలన్నీ తిరిగిన తర్వాత, ఇంకో టీచరు వస్తే మళ్లీ అదే తిరుగుడు అవసరమా అన్న ఆలోచనతో ఇరవై పైచిలుకు పుస్తకాలకు కార్డులు రాశాం. ఒక్కో కార్డులో పుస్తకం పేరు, ప్రచురణకర్త ఎలాగూ ఉంటాయి. వాటితోపాటు, ఎవరు సొంతంగా చదవగలరు, టీచరు చదివితే ఎన్ని నిమిషాలు పడుతుంది, తరగతిలో మాట పుట్టించిన ప్రశ్న ఏది, ప్రతి ఎక్కడ దొరుకుతుంది (మా అరలోనా, జిల్లా గ్రంథాలయంలోనా, ఉచితంగా దించుకోవచ్చా) అన్న నాలుగు సంగతులు చేర్చాం. ప్రశ్న రాసిన గడికి ఒక నియమం పెట్టుకున్నాం. అది తరగతిలో నిజంగా అడిగినదై ఉండాలి, కూర్చుని ఊహించినదైతే రాయకూడదు. అందుకే కొన్ని కార్డుల్లో ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.

జాబితాను మేడమ్ చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో చూపించారు. అక్కడ వచ్చిన మొదటి ప్రశ్న పుస్తకాల గురించి కాదు, “చినిగితే ఎవరు కట్టాలి?” అని. జిల్లా గ్రంథాలయ సభ్యత్వం, ముద్రించి కుట్టుకునే ప్రతులు అన్న రెండు దారులూ ఆమె చెప్పారు. మా కళాశాల నిబంధనల ప్రకారం బయటి టీచర్లకు నేరుగా పుస్తకాలివ్వడం కుదరదు. ఆ బడిలో ప్రాక్టీసుకు వెళ్లే ఛాత్రోపాధ్యాయుల పేరున ఇవ్వడం కుదురుతుంది కాబట్టి ఇప్పుడు ఆ పద్ధతే నడుస్తోంది. ప్రాక్టీసుకు వెళ్లిన ప్రతి ఒక్కరూ తిరిగొచ్చేటప్పుడు ఒక కార్డు రాసి ఇవ్వాలని షరతు పెట్టాం.

ఈ జాబితా చేయలేని పని కూడా ఒకటి ఉంది. ఆ గదిలో అక్షరాలే ఇంకా పట్టుబడని మూడో తరగతి పిల్లలు కొందరున్నారు. వాళ్లు కథ విన్నారు, మాట్లాడారు, బొమ్మలు వేశారు, కానీ వాళ్లు సొంతంగా చదవగలిగే తెలుగు పుస్తకం మా మూడు దారుల్లోనూ సరిగ్గా దొరకలేదు. మొదటి స్థాయి అన్నవాటిలో ఒత్తులు లేని, పంక్తికి మూడు నాలుగు మాటలు మించని పుస్తకాలు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. ఒకటి, రెండు తరగతుల కార్డులు విడిగా రాయాలని, అందులో ఒత్తుల లెక్క ఒక గడిగా ఉండాలని నిర్ణయించుకున్నాం. ఆ పనికి ఈసారి ప్రాక్టీసు బృందంలో ఇద్దరిని కేటాయించాను. పుస్తకాలు వాళ్ల పేరున ఇప్పటికే ఇష్యూ చేశాను.